తామరపువ్వుకి రెండు బటన్లు

భువనకి ఆ రెండో బటన్‌ని చూస్తే ఒళ్ళు మండేది.

మొదటిది తనది. స్టేజీకి ఎడంపక్క, తెర చాటున చెక్కకి బిగించిన ఆకుపచ్చ బటన్. అది నొక్కితే స్టేజీ కింద సిలిండర్లోకి గాలి పోయి దాని కడ్డీ పైకి లేస్తుంది. సిలిండర్ మీద రేకుతో చేసిన తామరపువ్వు, అందులో లక్ష్మీదేవి. పాలసముద్రంలోంచి అమ్మవారు అలా నెమ్మదిగా పైకి వస్తుంటే ముందు వరసల్లో ఆడవాళ్ళు చెప్పులు విడిచి లేచి దణ్ణం పెట్టేసేవాళ్ళు. వేరుశనక్కాయలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయేది. నాటకం చూడ్డానికి వచ్చిన జనం నమలడం ఆపారంటే ఇంకేం కావాలి?

ఆ గాలి తన వేలి కిందనుంచే వెళ్ళిందని భువనకి మహా గర్వం.

రత్నగిరి నాటక సమాజంలో ట్రిక్కులన్నీ ఏకాంబరం మాస్టారివే. మాయమైపోవడాలు, మంటలు రావడాలు, ఆకాశంలో రథాలు, ఈ తామరపువ్వు, అన్నీ. మనిషి చూస్తే బక్కగా, మెళ్ళో తువ్వాలు, బుగ్గలో లవంగం. నాలుగు ప్రశ్నలు అడిగితే ఒకదానికి జవాబు చెప్తారు, అది కూడా మనకి కావాల్సినదానికి కాదు.

కానీ పని మాత్రం అబ్బో. ట్యూబులో ఎక్కడైనా గాలి పోతుంటే మిగతావాళ్ళు సబ్బునురగ పూసి బుడగల కోసం వెతుక్కుంటారు. మాస్టారు ట్యూబు పక్కన చెంప ఆనించీ ఆనించనట్టు పెట్టుకుంటూ నడిచేవారు. ఒకచోట ఆగి "ఇక్కడ" అనేవారు. అక్కడే ఉండేది. ఆయన రోజూ నున్నగా గడ్డం గీసుకునేది అందుకేనని సమాజంలో ఒక జోకు.

ఆయన దగ్గర పని నేర్చుకోవాలంటే ఒక ఆచారం ఉంది. బటన్ ముట్టుకోకముందు తామరపువ్వులో కూర్చోవాలి. కింద ఎవరో నొక్కుతారు, పైన నువ్వు లేస్తావు. కడుపులో ఎలా ఉంటుందో, మోకాళ్ళు ఎక్కడ వణుకుతాయో తెలియాలి. ఎక్కనోళ్ళు ఎవరినీ ఎక్కించకూడదు, అదీ ఆయన లెక్క. భువన కూడా ఎక్కింది, అందరికీ వినబడేట్టు అరిచింది, తర్వాతే బటన్ దక్కింది.

అంతా బాగానే ఉండగా పొన్నూరు ఆటల్లో భువనకి జ్వరం వచ్చింది. లేచి నిలబడలేకపోయింది. ఆరోజు మాస్టారే కింద సిలిండర్ చూసుకుని, మళ్ళీ ఎడంపక్కకి పరిగెత్తి బటన్ నొక్కి, నానా అవస్థా పడ్డారు. జ్వరం తగ్గి భువన వచ్చేసరికి కుడిపక్కన కూడా ఒక చెక్క, చెక్కకి ఒక బటన్. దాని ముందు మస్తాన్.

మస్తాన్ అప్పటిదాకా రేకు ఊపి ఉరుములు ఉరిమేవాడు. భువన కంటే రెండేళ్ళు చిన్న. ఎప్పుడు చూసినా ఇకిలింపు. వాడికా నా బటన్, అనుకుంది భువన.

"నా మీద నమ్మకం లేదా మాస్టారూ?"

"ఒక్క చెయ్యే ఉంటే ఆ చేతికి జ్వరం రాకూడదు" అన్నారు మాస్టారు. "ట్యూబులు నువ్వే కలుపు."

అది కూడా నేనే కలపాలా అని గొణుక్కుంటూ కలిపింది. అటునుంచి ఒక ట్యూబు, ఇటునుంచి ఒక ట్యూబు, మధ్యలో టీ జాయింటు, అక్కణ్ణించి సిలిండరుకి ఒకటే ట్యూబు. ఇందులో ఏముంది, ఇంట్లో కుళాయిలకి వేసేదే కదా. మస్తాన్‌ని వాడి బటన్ దగ్గర నించోబెట్టి, తన బటన్ నొక్కింది.

పువ్వు లేవలేదు. కుడిపక్కనుంచి మాత్రం బుస్స్‌మని పాము పడగెత్తినట్టు ఒక శబ్దం.

"వాడి బటన్ దండగది మాస్టారూ, గాలంతా అక్కడే పోతోంది" అంది భువన, లోపల సంతోషంగానే.

మస్తాన్ నేనేం ముట్టుకోలేదక్కా అని చేతులు పైకెత్తి చూపించాడు. మాస్టారు వెళ్ళి వాడి బటన్ వెనక ఉన్న చిన్న చిల్లు మీద బొటనవేలు పెట్టారు. బుస ఆగింది. తామరపువ్వు లేచింది.

చిల్లు తప్పు కాదు. ప్రతి బటన్‌కీ ఉంటుంది. బటన్ వదిలేసినప్పుడు సిలిండర్లో గాలి బయటికి పోయేది దాంట్లోంచే, అది లేకపోతే పైకి లేచిన పువ్వు కిందికే రాదు. మరి మస్తాన్ బటన్ నొక్కలేదు కాబట్టి వాడి చిల్లు తెరిచే ఉంది. భువన పంపిన గాలి పువ్వుని మోసే కష్టం ఎందుకులే అని ఆ దారి పట్టి బయటికి పోయింది. గాలికి కూడా మనిషి బుద్ధే.

"నువ్వు నొక్కిన ప్రతిసారీ వాడు ఇలా బొటనవేలు పెట్టుకుని కూర్చోవాలా?" అన్నారు మాస్టారు.

కూర్చుంటే మాత్రం ఏం పోయింది అన్నట్టు చూసింది భువన.

మాస్టారు టీ జాయింటు తీసేశారు. తన సంచిలోంచి బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటి తీశారు. దానికి అటొక నోరు, ఇటొక నోరు, మధ్యలో ఒక నోరు. షటిల్ వాల్వు అంటారట. ఒకవైపు మూత విప్పి భువన అరచేతిలోకి వంచితే లోపలినుంచి తెల్లటి గోళీ జారిపడింది. రేగ్గింజంత ఉంది. అంతే. స్ప్రింగు లేదు, కరెంటు లేదు, ఇంకేమీ లేదు.

మళ్ళీ గోళీ వేసి, మూత బిగించి, ఒకవైపు భువనని ఊదమన్నారు. ఆయన మధ్య నోటి దగ్గర చెంప పెట్టుకున్నారు. భువన ఊదింది. లోపల టక్‌మంది. రెండోవైపు మస్తాన్ వేలు పెట్టి చూశాడు, చుక్క గాలి లేదు. వచ్చిన గాలే గోళీని తోసుకుంటూ పోయి రెండో తలుపు మూసేసింది, అక్కణ్ణించి పోదామన్నా దారి లేక మధ్యలోంచి మాస్టారి చెంపకి తగిలింది. తర్వాత మస్తాన్ ఊదాడు. మళ్ళీ టక్. ఈసారి భువనవైపు తలుపు పడింది.

భువన ఒక్క క్షణం కోపం మర్చిపోయి నోరు తెరిచేసింది. ఎంత చిన్న ముక్క, ఎంత తెలివి.

"ఇప్పుడు ఇద్దరూ ఊదండి."

ఇద్దరూ బుగ్గలు పొంగించి ఊదారు. మాస్టారు కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు.

"వస్తోంది" అన్నారు.

"ఎవరిది మాస్టారూ?" అంది భువన, ఊపిరి తీసుకోకుండానే.

"గాలి" అన్నారు.

ఆ రోజునుంచీ పద్ధతి ఇదీ. అమ్మవారు లేచే ముందు ఊదే శంఖం ఆగాక ఇద్దరూ నొక్కాలి. ఒకళ్ళ బటన్ మొరాయిస్తే రెండోది ఉంటుంది. మాణిక్యమ్మగారు పైకి చేరి, చేతులెత్తి దీవించి, తెర పడేదాకా ఎవరూ వేలు తియ్యకూడదు.

మాణిక్యమ్మగారంటే లక్ష్మీదేవి. సమాజంలో అందరికంటే పెద్ద నటి. పెళ్ళి కాకముందునుంచీ ఆ సముద్రంలోంచి లేస్తూనే ఉన్నారు. మొదట్లో నలుగురు మనుషులు తాళ్ళతో లాగేవారట, పువ్వు ఊగిపోయేదట. ఏకాంబరం మాస్టారు గాలి పెట్టాక, తల మీద నిండు చెంబు పెట్టుకుని లేచినా తొణకదని ఆవిడే అందరికీ చెప్పేవారు.

భువన బుర్ర మాత్రం ఒకచోటే ఇరుక్కుపోయింది. ఇద్దరం నొక్కుతాం సరే, కానీ ముందు ఎవరి గాలి వస్తే గోళీ రెండోవాళ్ళ తలుపు మూసేస్తుంది కదా. ఇద్దరి ట్యూబుల్లో గాలి సమానమే కాబట్టి తర్వాత వచ్చినవాళ్ళు ఎంత నొక్కినా తలుపు బయట నించోవాల్సిందే కదా. మాస్టారిని అడిగితే అవునన్నారు.

అంతే, ఇంక దురద మొదలైంది.

శంఖం పూర్తిగా ఆగకముందే, చివర్లో కొంచెం సన్నబడగానే నొక్కెయ్యడం మొదలుపెట్టింది. కనురెప్పపాటు ముందు, ఎవరికీ తెలీదు. కానీ మస్తాన్ ఏమన్నా తక్కువ తిన్నాడా? వాడు తెరసందుల్లోంచి దీని మోచెయ్యి కదలడం చూసేశాడు. మర్నాడు వాడు ఇంకొంచెం ముందు. ఆట అయ్యాక ఇవాళ నాదేనక్కా అని ఇకిలించాడు. ఆ మర్నాడు ఇది ఇంకా ముందు. మాస్టారు ఇద్దరికీ చెరోసారి, శంఖం విను, అని చెప్పారు. ఇద్దరూ తలూపారు. ఇద్దరూ వినలేదు.

రేపల్లెలో శనివారం ఆట. పాలసముద్రం అంటే రెండు పొడుగాటి తెల్లగుడ్డలు, అటు దేవతలు ఇటు రాక్షసులు అలల్లాగా ఊపుతుంటారు. శంఖం ఆగాక గుడ్డలు రెండుగా విడిపోవాలి, ఆ సందులోంచి తామరపువ్వు రావాలి. ఆరోజు శంఖం సగంలో ఉండగానే పువ్వు లేచేసింది.

పాలసముద్రం అమ్మవారి నెత్తి మీదే ఉండిపోయింది. ముసుగు తన్ని పడుకున్న మనిషి లేచి కూర్చున్నట్టు పైకి వచ్చారు మాణిక్యమ్మగారు. కిరీటం గుడ్డలో చిక్కుకుంది. దేవతలు కంగారుపడి అటు లాగారు, రాక్షసులు ఇటు లాగారు, మధ్యలో ఆవిడ మెడ కలుక్కుమంది. వెనక వరసల్లోంచి ఎవడో అమ్మవారికి చలేస్తోందిరా అన్నాడు. డేరా డేరా అంతా నవ్వు.

తెర దించేశారు.

మెడకి మందు రాయించుకుని ఆవిడ మాస్టారి దగ్గరికి వచ్చారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రేపట్నించి పక్కనుంచి నడిచి వస్తాలే ఏకాంబరం. చేతిలో ఒక పువ్వు పట్టుకుంటా. చాలు ఇంక."

అందరూ మాస్టారి మొహం చూశారు. ఆ తామరపువ్వు రేకుల్ని ఆయనే ఒక్కోటీ సుత్తితో కొట్టి వంచుకున్నారు. ఆయన లవంగం నమలడం ఆపేశారు.

అప్పుడైనా తప్పయిందని ఒక్క మాట అంటే పోయేది. భువన ఆ రకం కాదు. గట్టిగానే చెప్పింది. రెండు బటన్లు ఉండబట్టే ఇదంతా అంది. ఒకటి తీసెయ్యమంది. తనది ఉంచితే ఉంటుంది, వాడిది ఉంచితే సోమవారం హైదరాబాద్ బస్సెక్కేస్తుంది. అక్కడ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళని స్టేజీ కిందనుంచి పైకి లేపే కంపెనీవాళ్ళు ఎప్పట్నించో రమ్మంటున్నారు.

"మీ దగ్గర నేర్చుకున్నది నేను ముందా, వాడు ముందా?" అని కూడా అడిగేసింది.

మస్తాన్ ఇకిలించలేదు. నేల చూశాడు.

"రేపు మ్యాట్నీ కానియ్యి" అన్నారు మాస్టారు.

ఆయన వెళ్ళి మాణిక్యమ్మగారి ముందు చాప మీద కూర్చున్నారు. ఏం చెప్పుకున్నారో ఎవరికీ వినపడలేదు. చాలాసేపటికి ఆవిడ సరే, ఒక్క ఆట, అన్నారని మాత్రం తెలిసింది. అంత అవమానం జరిగినా ఆయన అడిగితే ఆవిడ కాదనలేదు. ఇంకెవరు అడిగినా ఆ పువ్వు వంక కూడా చూసేవారు కాదు.

ఆదివారం మధ్యాహ్నం. డేరా నిండిపోయింది, నిన్నటి కథ ఊరంతా పాకింది మరి. నవ్వడానికే వచ్చినవాళ్ళు సగం మంది. భువన బటన్ దగ్గర నిలబడి ఉంటే మాస్టారు వచ్చారు.

"నీ లైను కట్టేశాను" అన్నారు మెల్లిగా. స్టేజీ కింద షటిల్ వాల్వు దగ్గర ఇద్దరి ట్యూబులకీ చెరొక పిడి ఉంటుంది, కుళాయికి ఉన్నట్టు. అది తిప్పేస్తే ఆ పక్క గాలి ఇంక రాదు.

భువనకి మొహం మీద నీళ్ళు కొట్టినట్టయింది. అంటే వాడినే ఉంచారన్నమాట.

"మరి నేనెందుకు ఇక్కడ?"

"నొక్కు."

"నొక్కినా ఏమీ రాదుగా."

"రాదు. శంఖం ఆగాక నొక్కు. తెర పడేదాకా తియ్యకు."

ఆయన వెళ్ళిపోయారు. భువనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చావు కబురు కూడా ఇంత చల్లగా ఎవరూ చెప్పరు. సంచి సర్దుకుని ఇప్పుడే పోదామా అనుకుంది. నొక్కకుండా చేతులు కట్టుకుని నిలబడదామా అనుకుంది. ఈలోపు డోళ్ళు మొదలయ్యాయి, దేవతలూ రాక్షసులూ సముద్రం చిలకడం మొదలుపెట్టారు, శంఖం ఎత్తుకున్నారు.

వెయ్యిసార్లు విన్న శంఖం. ఇన్నాళ్ళూ దాన్ని పరుగుపందెం తుపాకీలాగే విన్నది. ఇవాళ పరిగెత్తేది లేదు కదా, గెలిచేది లేదు కదా, ఊరికే వింది. పెద్దగా మొదలై, మధ్యలో కొంచెం వణికి, చివర్లో దారంలా సన్నబడి, తెగినట్టు తెలియకుండానే తెగింది.

అప్పుడు నొక్కింది. ఎందుకు నొక్కిందో దానికే తెలీదు. మాస్టారు చెప్పారు, నొక్కింది.

తెల్లగుడ్డలు విడిపోయాయి. తామరపువ్వు లేచింది. డోళ్ళ మోతలో ఏ ట్యూబు బుసకొట్టిందో, ఏది కొట్టలేదో ఎవరికి వినపడుతుంది? భువన చూస్తూ ఉండిపోయింది. ఇన్ని ఆటల్లో తను చూసేది ఎప్పుడూ కుడిపక్క మస్తాన్ మోచెయ్యే. అమ్మవారి మొహం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

మాణిక్యమ్మగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక చేత్తో పువ్వు రేకుని గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడిపోయేంత గట్టిగా. ఎన్నేళ్ళనుంచో లేస్తున్న మనిషి భయపడుతున్నారు. పువ్వు తొణక్కుండా లేస్తోంది. సగం దూరం వచ్చాక ఆ వేళ్ళు వదులయ్యాయి. ఇంకొంచెం పైకి వచ్చాక ఆవిడ కళ్ళు తెరిచారు. అప్పుడు ఇంక మాణిక్యమ్మగారు లేరు అక్కడ.

నవ్వడానికి వచ్చిన డేరా కిక్కురుమనలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ చెప్పులు విడిచి లేచింది. ఆవిడ వెనక వరసలూ లేచాయి.

భువన వేలు బటన్ మీదే ఉంది. లోపల ఏమీ లేని బటన్. నొప్పి పుడుతున్నా తియ్యలేదు. ఎదురుగా మస్తాన్ కూడా వాడి బటన్ మీద వేలు పెట్టి అమ్మవారి వంకే చూస్తున్నాడు, నోరు తెరుచుకుని.

తెర పడింది. ఇద్దరూ వేళ్ళు తీశారు, పువ్వు నెమ్మదిగా స్టేజీ కిందికి దిగిపోయింది. బయట చప్పట్లు ఆగట్లేదు.

భువన మెట్లు దిగి స్టేజీ కిందికి వచ్చేసరికి మస్తాన్ అటునుంచి వంగుని వస్తున్నాడు. చెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. చెప్పాలని లేకపోయినా చెప్పింది.

"బాగా లేపావురా."

వాడు అదోలా చూశాడు. "నేనేం లేపాను? నువ్వేగా."

"నా లైను కట్టేశారు మాస్టారు."

"నాది కదక్కా కట్టేసింది. పొద్దున్నే వచ్చి చెప్పారు."

ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి వాల్వు దగ్గర కూర్చుని చూశారు. ఎడంపక్క పిడి తెరిచే ఉంది. కుడిపక్క పిడీ తెరిచే ఉంది.

కొంచెం అవతల మాస్టారు నిలబడి ఉన్నారు, బుగ్గలో లవంగంతో. ఇద్దరూ ఆయన వంక చూశారు. ఆయన తామరపువ్వు వంక చూస్తున్నారు.

"మరి ఎవరి గాలి లేపింది?" అన్నాడు మస్తాన్ గుసగుసగా. పానా తీశాడు. "మూత విప్పితే గోళీ ఏ పక్కన ఉందో తెలిసిపోతుంది."

భువన వాల్వు మీద అరచెయ్యి పెట్టింది. గాలి ఇప్పుడే వెళ్ళినందుకేమో, ఇత్తడి చల్లగా ఉంది.

"వద్దులేరా" అంది.

తామరపువ్వులో మాణిక్యమ్మగారు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పట్టుచీర, నగలు, మెడనొప్పి, లేవడం కష్టంగా ఉంది. రోజూ ఆవిడకి చెయ్యిచ్చి దింపేది మాస్టారే. ఇవాళ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, కదల్లేదు.

"ఎవరన్నా చెయ్యివ్వండర్రా, దిగాలి" అన్నారావిడ.

భువన చెయ్యి చాపింది. మస్తాన్ కూడా చాపాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు చూసుకుంటున్నారు, ఇటు చూడనేలేదు. తడుముకుని, ముందు తగిలిన చెయ్యి పట్టుకుని లేచారు. అది మస్తాన్‌ది.

భువన తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆవిడ రెండో కాలు కూడా నేల మీద ఆనేదాకా, అలాగే చాపి ఉంచింది.